పథ్యం ఉన్నవాళ్ళు తిరుపతిలో ఉచిత భోజనం వెతుక్కోవడం ఎలా

"అన్నా, అమ్మకి షుగరు. ఆసుపత్రిలో ఇంకో నాలుగు రోజులు ఉండమన్నారు, తెచ్చుకున్న డబ్బు స్కానింగులకే అయిపోయింది. గుడి భోజనం అమ్మకి పెట్టొచ్చా?" వారానికి ఒకరైనా ఇలా అడుగుతారు. ఒకరికి షుగరు, ఇంకొకరికి కిడ్నీ, మరొకరికి ఉల్లి వెల్లుల్లి పనికిరావు, కోచింగుకి వచ్చిన కుర్రాడికి చెనక్కాయ (వేరుశనగ) తింటే మొహం వాచిపోతుంది. తిరుపతిలో అన్నానికి లోటు లేదంటారు గానీ మాకు పడే అన్నం ఎక్కడ దొరుకుతుంది అనేదే అందరి ప్రశ్న.

దొరుకుతుంది. నాకు గోధుమ పడదు. ఏదో కాస్త గ్యాస్ పట్టేయడం లాంటిది కాదు, డాక్టరు సీలియాక్ అని తేల్చి చెప్పిన, గోధుమ తింటే పేగులు దెబ్బతినే జబ్బు, కాస్త మైదా లోపలికి పోయినా రెండు రోజులు మంచం దిగలేను. అయినా ఉద్యోగం లేని ఏడాదిన్నర ఈ ఊళ్ళో చాలా పూటలు అన్నదానాల మీదే గడిపాను. అన్నం పెట్టే చోటు ఎవరైనా చూపిస్తారు, అందులో ఏం పడిందో సరిగ్గా తెలిసిన మనిషిని పట్టుకోవడమే అసలు పని. కింద రాసిందంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక చీటీ (ఏం రాయాలో రెండో మెట్టులో చెప్తాను)
- మూతున్న చిన్న స్టీలు డబ్బా, ఒక చెంచా
- నీళ్ళ సీసా
- రెండు అరటిపళ్ళు లేదా గుప్పెడు బొరుగులు. ఇది మీ ఆఖరి ఆసరా, మామూలు ఆకలికి ముట్టుకోకండి
- షుగరు మందులు వాడేవాళ్ళకి గ్లూకోజు పొట్లం లేదా నాలుగైదు చెంచాల పంచదార
- చిల్లర, ఓ ముప్పై రూపాయలు. ఉచిత భోజనానికి డబ్బులెందుకు అంటే, పడే భోజనం ఉన్నచోటికి వెళ్ళడానికి బస్సు చార్జీ కావాలి కదా

1. ముందు ఆకలి ఎంతలో ఉందో చూసుకోండి

చాలామంది ఇది వదిలేసి నేరుగా వెతుకులాటలో పడతారు. మామూలు ఆకలైతే వెతకడానికి గంటా రెండు గంటలు టైముంది. చేతులు వణుకుతున్నా, చెమటలు పడుతున్నా, కళ్ళు తిరుగుతున్నా వెతకడం మానేసి ఉన్నచోటే కూర్చోండి. షుగరు మందులు వాడేవాళ్ళయితే అది షుగరు పడిపోవడం కావచ్చు. మిషను ఉంటే చూడండి, 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగాలి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలి, పెరగకపోతే ఇంకోసారి తాగాలి. మిషను లేకపోయినా ఆగకండి, తాగేయండి. "నాకు షుగరు కదా, తీపెలా తింటాను" అని ఆ టైములో మొండికేసిన పెద్దాయన్ని నేను బస్టాండులో చూశాను, పక్కనున్నవాళ్ళు బతిమాలి తాగించాల్సి వచ్చింది. మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌ని క్యూలో నిలబడి వేసుకోకండి. "ఇంకో పది నిమిషాల్లో లోపలికి పంపుతారు" అన్నది ఈ ఊళ్ళో గంట కూడా అవుతుంది. మా నాన్నకి ఒకచోట అలాగే జరిగింది, సూది పడింది, బంతి మాత్రం లేవలేదు. విస్తరిలో అన్నం పడేదాకా ఆగొచ్చా, ఎంతసేపు ఆగొచ్చు అనేది మీ డాక్టరుని ముందే అడిగి పెట్టుకోండి.

2. చీటీ రాసుకోండి

నోటితో చెప్తే సగం మంది వినరు. విన్నవాళ్ళలో సగం మంది "అలెర్జీ" అంటే ఇష్టం లేదనుకుంటారు. అందుకే అలెర్జీ, గ్లూటెన్ (గోధుమలో ఉండే జిగురు పదార్థం) లాంటి మాటలు చీటీలో రాయకండి, వంటింట్లో వినిపించే పేర్లు రాయండి. నా చీటీ ఇది:

"నాకు గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా పడవు. ఇంగువలో మైదా కలిసుంటే అదీ పడదు. తింటే ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. దయచేసి వంట చేసినవాళ్ళని అడిగి చెప్పండి."

చెనక్కాయ పడనివాళ్ళు చెనక్కాయ, పల్లీ, వేరుశనగ మూడు పేర్లూ రాయాలి, ఎవరికి ఏది వాడుకో తెలీదు. చెనక్కాయ నూనె సంగతి విడిగా ఇంకో వాక్యం. మన జిల్లాల్లో తమిళం మాత్రమే బాగా వచ్చిన వంటవాళ్ళూ వడ్డించేవాళ్ళూ చాలామంది ఉంటారు కాబట్టి వెనకవైపు తమిళంలో కూడా రాయించుకోండి. జబ్బు చరిత్ర అంతా రాస్తే ఎవరూ చదవరు, నాలుగు వాక్యాలు దాటొద్దు.

3. చోటు ఎంచుకోండి

దగ్గరున్న చోటికి కాకుండా మీ పథ్యానికి దగ్గరగా ఉన్న చోటికి వెళ్ళాలి.

*ఊళ్ళో టీటీడీ అన్నప్రసాదం.* ఆర్టీసీ బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషను ఎదురుగా విష్ణునివాసం, తిరుచానూరు అమ్మవారి గుడి దగ్గర, ఈ మూడు చోట్లా పెడతారు. ఉల్లి వెల్లుల్లి వేయరు కాబట్టి అవి పనికిరానివాళ్ళకి ఇంతకంటే సులువైన దారి లేదు. వేళలు పండగలకీ రద్దీకీ కాస్త అటూ ఇటూ అవుతుంటాయి, ముందురోజే గేటు దగ్గర అడిగి పెట్టుకోండి.

*ఆసుపత్రులు.* రుయా, స్విమ్స్, ప్రసూతి ఆసుపత్రుల దగ్గర కూడా టీటీడీ భోజనం అందుతుంది. రోగితో వచ్చినవాళ్ళు సగం మందికి ఇది తెలీక బయట హోటళ్ళలో డబ్బు తగలేస్తుంటారు. రోగి లోపల చేరి ఉంటే మాత్రం బయటి అన్నదానం జోలికి వెళ్ళకండి, వార్డు సిస్టరుని అడిగి ఆసుపత్రి పథ్యం భోజనమే తెప్పించుకోండి. ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేరినవాళ్ళకి రోగి భోజనం ప్యాకేజీలోనే ఉంటుంది. అడగడం మీ హక్కు, మొహమాటం వద్దు.

*అన్న క్యాంటీన్లు.* ఇది ఉచితం కాదు, పూటకి 5 రూపాయలు. అయినా ఇక్కడ చెప్పడానికి కారణముంది. 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచినప్పటి నుంచి తిరుపతిలోనూ చిత్తూరులోనూ నడుస్తున్నాయి, పొద్దున టిఫిను, మధ్యాహ్నం, రాత్రి భోజనం మూడూ ఉంటాయి. ఆ పూట ఏం పెడుతున్నారో డబ్బులిచ్చే ముందే అడిగి తెలుసుకోవచ్చు. ఇడ్లీ రోజైతే నాకు పండగే. పూరీ, ఉప్మా రోజైతే గేటు నుంచే వెనక్కి. ఆదివారం సెలవు, ఇది మర్చిపోయి శనివారం రాత్రి నిశ్చింతగా పడుకున్నవాళ్ళకి ఆదివారం పొద్దున తెలుస్తుంది.

*కొండ మీద.* తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం. 1985 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన నిత్యాన్నదానం ఇప్పుడు నడుస్తున్నది ఇక్కడే, ఈ భవనం 2011లో తెరిచారు. ఎవరు మీరు, దర్శనం అయిందా అని ఎవరూ అడగరు, కూర్చుంటే వడ్డిస్తారు. కానీ కేవలం ఆకలి తీర్చుకోవడానికి కింది నుంచి కొండెక్కకండి. బస్సు టికెట్టు డబ్బుతో కింద ఎన్నో పూటలు ఐదు రూపాయల భోజనం తినొచ్చు. పోనీ నడిచి వెళ్దామా అంటే అలిపిరి దారిలో 3,550 మెట్లు, ఖాళీ కడుపుతో, అందులోనూ షుగరు మందు వేసుకుని ఎక్కేది కాదు అది. ఎలాగూ దర్శనానికి వెళ్తుంటే మాత్రం తప్పకుండా తినండి. కొండ మీద తిరగడానికి ఉచిత బస్సులున్నాయి.

దర్శనం క్యూలో ఉన్నప్పుడు కంపార్టుమెంట్లలో పాలు, ఉప్మా, పొంగలి, పెరుగన్నం లాంటివి ఇస్తారు. ఉప్మా వచ్చిందంటే గోధుమ పడనివాళ్ళు ఆ పూట వదులుకోవాల్సిందే, అందుకే డబ్బాలో అటుకులో బొరుగులో పెట్టుకోమనేది.

*చిత్తూరు వైపు.* కాణిపాకం వినాయకుడి గుళ్ళో నిత్యాన్నదానం ఉంది, చిత్తూరు నుంచి సుమారు 12 కిలోమీటర్లు. మధ్యాహ్నానికి చేరేలా వెళ్ళాలి. శ్రీకాళహస్తి గుళ్ళోనూ అన్నదానం ఉంది గానీ తిరుపతిలో ఉన్నవాళ్ళు భోజనం కోసమే అంత దూరం వెళ్ళడం దండగ.

*పండగలప్పుడు.* మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులూ ఊరంతా అంబలి పోస్తారు. రాగి పిండితో చేసేది కాబట్టి గోధుమ పడనివాళ్ళకి అదృష్టం, ఎండలో ఆ చల్లటి అంబలి తాగితే ప్రాణం లేచొస్తుంది. కానీ అందులో మజ్జిగ ఉంటుంది, ఉల్లిపాయ ముక్కలు ఉంటాయి, ఆ రెండింట్లో ఏది పడకపోయినా ముందే అడగండి. శ్రీరామనవమి పానకం షుగరు వాళ్ళకి బెల్లం నీళ్ళే, వడపప్పు తీసుకుని పానకం వదిలేయండి. రంజాన్‌లో మసీదుల దగ్గర సాయంత్రం పోసే గంజి అడిగిన ఎవరికైనా పోస్తారు, అయితే చాలాచోట్ల అందులో కీమా, అల్లం వెల్లుల్లి వేస్తారు, శాకాహారులు తెలుసుకుని తాగాలి.

4. మొదటి బంతికి వెళ్ళండి

కారణాలు రెండు. మొదటి బంతప్పుడు వంటవాళ్ళు ఇంకా అక్కడే ఉంటారు, అడగడానికి మనిషి దొరుకుతాడు. మూడో బంతికల్లా వాళ్ళు పడుకునుంటారు. రెండోది, గరిటెలు. మొదట్లో దేని గరిటె దానికే ఉంటుంది, రద్దీ పెరిగేకొద్దీ సాంబారు గరిటె పప్పులోకి, పప్పు గరిటె కూరలోకి వెళ్ళిపోతుంది. నాలాంటివాడికీ, చెనక్కాయ పడనివాడికీ ఆ తేడా చాలా పెద్దది. షుగరు వాళ్ళకి గరిటెలతో పేచీ లేదు గానీ వేళ తప్పకూడదు కాబట్టి వాళ్ళకీ మొదటి బంతే మంచిది.

5. సరైన మనిషిని అడగండి

నేను దెబ్బ తిన్నది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా.

అప్పటికి నాకు జబ్బు తెలిసి మూడు నెలలు. ఒక సత్రంలో కూర్చుని, రసం పోస్తున్నాయనతో "సామీ, ఇందులో గోధుమ పిండి ఏమన్నా ఉందా?" అన్నాను. ఆయన నవ్వి, "రసంలో గోధుమ పిండి ఎవరేస్తారు నాయనా!" అన్నాడు. చుట్టూ నలుగురూ నవ్వారు. నాకూ నిజమే కదా అనిపించి రెండుసార్లు పోయించుకున్నాను. ఆ రాత్రి నా సంగతి రాయను. తర్వాత తెలిసిందేమిటంటే, బజార్లో దొరికే ఇంగువ చాలా వరకు అచ్చమైన ఇంగువ కాదు. ఇంగువ చాలా ఘాటు పదార్థం కాబట్టి దాన్ని మైదాతోనో బియ్యప్పిండితోనో జిగురుతోనో కలిపి అమ్ముతారు. డబ్బా మీద రాసే ఉంటుంది, ఎవరూ చదవరు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకి తెలీదంతే. నేను అడగకూడని మనిషిని అడిగాను, అడగాల్సిన ప్రశ్నా అడగలేదు.

కాబట్టి:

వడ్డించేవాళ్ళని అడగొద్దు. కొండ మీద వడ్డించేది ఎక్కువగా శ్రీవారి సేవకులు. ఎక్కడో కర్నూలు నుంచో కోయంబత్తూరు నుంచో సేవకి వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళిపోతారు, బ్యాచీలు మారుతుంటాయి. ఎంత ప్రేమగా వడ్డించినా సాంబారులో ఏం పడిందో వాళ్ళకి తెలిసే దారి లేదు. హాల్లో నిలబడి బంతులు నడిపించే సూపర్‌వైజరు ఒకరుంటారు, చీటీ ఆయన చేతికివ్వండి, వంటశాలలో అడిగి చెప్పమనండి. చిన్న గుళ్ళలో, సత్రాల్లో నేరుగా వంట సామినే అడగొచ్చు.

"ఉందా?" అని అడగొద్దు. "ఉందా" అంటే "లేదు" అని వచ్చేస్తుంది, మంచి మనసుతోనే వస్తుంది. "దీంట్లో ఏమేం వేశారు సామీ?" అనండి, చెప్పనివ్వండి. "ఏ ఇంగువ వాడతారు, డబ్బా ఒకసారి చూడొచ్చా?", "తాలింపు ఏ నూనెతో?", "ఉప్మా బొంబాయి రవ్వతోనా, బియ్యపు రవ్వతోనా?" ఇలా అడిగితే వంట చేసిన మనిషి ఠక్కున చెప్తాడు. తెలియని మనిషి నీళ్ళు నములుతాడు, అది చాలు మీకు.

కూర్చోక ముందే అడగాలి. విస్తరి ముందు కూర్చుని అడిగితే వెనకున్న వెయ్యిమందిని ఆపినట్టవుతుంది, చిరాకు పడతారు, వాళ్ళ తప్పేం లేదు.

సరైన జవాబు దొరక్కపోతే? తెల్లన్నం, విడిగా పెరుగు ఉంటే అది, దగ్గరున్న అరటిపండు. దానితో పూట గడుస్తుంది. నేను అలా చాలా పూటలు గడిపాను, కొంచెం నీరసం తప్ప ఏం కాలేదు.

6. విస్తరి ముందు కూర్చున్నాక

మన వడ్డనలో "కొంచెం" అంటే ఒక గరిటె, "చాలు" అంటే ఇంకో అర గరిటె. "వద్దు" అన్నది కూడా మొదటిసారి మర్యాదకి అన్నట్టే లెక్క. కాబట్టి వద్దనుకున్నది వస్తుంటే నోటితో పాటు చెయ్యి విస్తరికి అడ్డం పెట్టండి, రెండు చేతులూ పెట్టినా తప్పులేదు. "ప్రసాదం వద్దనకూడదు" అని పక్కనున్న పెద్దావిడ అంటారు. "పడదమ్మా, డాక్టరు వద్దన్నారు" అని దండం పెట్టండి, అంతటితో ఆగిపోతారు. తీపి ముందే వడ్డిస్తారు, అది విస్తరి మీద పడిందంటే పాకం జారి అన్నంలో కలుస్తుంది. మొదటి గరిటెని ఆపితేనే మిగతా భోజనం దక్కుతుంది.

వేయించుకుని వదిలేయడం మాత్రం చేయొద్దు. అన్నదానంలో పారేసిన అన్నం చూస్తే వడ్డించేవాళ్ళకి మనసు కష్టంగా ఉంటుంది, రేపు మీ చీటీకి విలువుండదు. కట్టివ్వమని కూడా బతిమాలకండి, కూర్చుని తినడమే అక్కడి పద్ధతి. మరి డబ్బా ఎందుకంటే మీ సొంత బొరుగులకీ, చిన్న గుళ్ళలో దొన్నెలో ఇచ్చే ప్రసాదం ఇంట్లో వాళ్ళకి తీసుకెళ్ళడానికీ.

7. ఎవరికి ఏది పడుతుంది, ఏది పడదు

గోధుమ పడనివాళ్ళు: అన్నం, ఇడ్లీ, పొంగలి, పప్పు, పెరుగన్నం ఫరవాలేదు, ఇంగువ సంగతి తేలితే. రవ్వకేసరి, సేమ్యా పాయసం, పూరీ, చపాతీ, బొంబాయి రవ్వ ఉప్మా వద్దు. శ్రీవారి లడ్డు శనగపిండితో చేస్తారు, అందులో గోధుమ లేదు. మసాలా వడ శనగపప్పుదే గానీ నూనె ఏ బాణలిలోదో, అంతకుముందు అందులో ఏం వేగిందో అడగాలి. ఈ జిల్లాలో పుట్టి అన్నదానంలో రాగిసంగటి పెట్టరేమిటా అని నాకు ఎప్పుడూ ఒక బాధ.

చెనక్కాయ పడనివాళ్ళు: మీకు ఇది కష్టమైన జిల్లా, ఒప్పుకుంటాను. చట్నీ అంటే చెనక్కాయే, ఊరుబిండి అంటే చెనక్కాయే, పులిహోరలో గింజలు సరేసరి. గింజలు ఏరేసి పులిహోర తినడం అందరూ చేసే తప్పు. గింజ తీసినా నూనె, పొడి అన్నానికి పట్టే ఉంటాయి. చక్కెర పొంగలిలో, లడ్డులో జీడిపప్పు ఉంటుంది, అది పడనివాళ్ళు అదీ చూసుకోవాలి. తిన్న కొద్ది నిమిషాల్లో పెదాలు వాచినా, గొంతు పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా మాత్ర వేసుకుని చూద్దాం అనుకోకుండా వెంటనే 108.

షుగరు వాళ్ళు: తీపి వదిలేస్తే చాలనుకుంటారు. అన్నం మూడుసార్లు వేయించుకుని పొంగలి ముట్టలేదని సంతోషపడితే లాభం లేదు. అన్నం ఒక్కసారి, కూరా పప్పూ రెండుసార్లు అడగండి, ముందు కూర తిని తర్వాత అన్నం తింటే ఇంకా మంచిది. లడ్డు ఇంటికి తీసుకెళ్ళి పదిమందికి పంచండి, చిటికెడు నోట్లో వేసుకోండి.

కిడ్నీ వాళ్ళు: ఊరగాయ, అప్పడం, ఉప్పేసిన మజ్జిగ వద్దు. నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళకి రసం, సాంబారు, మజ్జిగ కూడా నీళ్ళ లెక్కలోకే వస్తాయి, చాలామంది ఇది మర్చిపోతారు. పప్పు ఎంత అనేది డయాలసిస్ ఉన్నవాళ్ళకి ఒకలా, లేనివాళ్ళకి ఒకలా చెప్తారు, మీ డాక్టరు మాటే ఖాయం. పొటాషియం తగ్గించమన్నవాళ్ళు కొబ్బరినీళ్ళు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తాగొద్దు. పైన ఆఖరి ఆసరా అని చెప్పిన అరటిపండు కూడా మీకు కాదు, మీరు ఉప్పులేని బొరుగులు పెట్టుకోండి.

పాలు పడనివాళ్ళు: తాగితే కడుపుబ్బరం, విరేచనాలు అయ్యేవాళ్ళలో చాలామందికి నెయ్యి, కాసిని మజ్జిగ అరుగుతాయి. పాలకి ఒళ్ళు దద్దుర్లు వచ్చేవాళ్ళు వేరు, వాళ్ళకి నెయ్యి చుక్క కూడా వద్దు. చక్కెర పొంగలి మీద నెయ్యి పోయకుండా ఆపగలరేమో గానీ లోపల ఉన్నదాన్ని ఎవరూ తీయలేరు.

దుంపలు తినని జైనులు: సాంబారులో, కూరలో బంగాళాదుంప, క్యారెట్ తరచూ ఉంటాయి. అన్నం, పప్పు, పెరుగు. చీకటి పడకముందే తినాలి కాబట్టి మధ్యాహ్నం భోజనం మీదే ఆధారపడండి.

ఏకాదశి ఉండేవాళ్ళు: మాధ్వ మఠాల్లో ఆ రోజు భోజనం ఉండదు, మర్నాడు ద్వాదశి పారణ పొద్దున్నే పెడతారు. ఆలస్యంగా నిద్రలేచి వెళ్తే అదీ దాటిపోతుంది.

బళ్ళో చదివే పిల్లలకి చెనక్కాయ పడకపోతే మధ్యాహ్న భోజనంలో ఇచ్చే చిక్కీ గురించి టీచరుకి ముందే చీటీ పంపండి. పిల్లాడు చిక్కీ వద్దంటాడా ఎక్కడైనా!

8. తిన్నాక చూసుకోవడం

"తిన్నాను, ఏం కాలేదు" అని వెంటనే అనుకోకండి, ఒక్కో జబ్బుకి ఒక్కో టైము. చెనక్కాయ, జీడిపప్పు లాంటి అలెర్జీ ఎక్కువగా నిమిషాల్లోనే, మహా అయితే రెండు గంటల్లో బయటపడుతుంది, అంతసేపు ఒంటరిగా బస్సెక్కి పడుకోకుండా నలుగురిలో ఉండండి. పాలు అరగనివాళ్ళకి అరగంట నుంచి రెండు గంటలు. షుగరు వాళ్ళు మొదటి ముద్ద తిన్న దగ్గర్నుంచి రెండు గంటలు లెక్కపెట్టి చూసుకోవాలి, భోజనం ముగిసిన దగ్గర్నుంచి కాదు. కిడ్నీ వాళ్ళు మర్నాడు పొద్దున్నే బరువు చూసుకుని, కాళ్ళు వాచాయేమో వేలితో నొక్కి చూడండి. గోధుమ మాత్రం మాయదారిది, కొన్ని గంటలు పట్టొచ్చు, మర్నాడు కూడా తెలియొచ్చు. అప్పటికి ఇంకో రెండు పూటలు ఇంకెక్కడో తినుంటాం, ఏది కొట్టిందో తెలీదు.

అందుకే ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, చోటు, ఏ బంతి, ఏమేం తిన్నారు, ఎవరిని అడిగారు, రెండు రోజుల్లో ఏమైంది. కొత్త చోట మొదటిసారి రెండు పదార్థాలకి మించి తినకండి, పడితే మర్నాడు మూడోది. ఒకసారి పడిందని ఎప్పటికీ పడుతుందనుకోవద్దు, ఇంగువ కంపెనీ మారితే రసం మారిపోయినట్టే, నెలకోసారి మళ్ళీ అడగాలి. నా పుస్తకంలో ఇప్పుడు పదకొండు చోట్లున్నాయి, ఏడింటికి టిక్కు, మూడింటి ఎదురుగా "అన్నం పెరుగు మాత్రమే" అని ఉంటుంది. ఆ సత్రం పేజీలో రసం అని రాసి కింద రెండు గీతలున్నాయి, పోయిన నెల వెళ్ళి ఇంగువ డబ్బా అడిగి చూశాను, ఇంకా మైదాదే వాడుతున్నారు.